శబ్దం రాని కిటికీలు

“నేనైతే సంతకం పెట్ట! రెండు దినాలసంది ఇల్లంత దుమ్ము లేపి మీరు చేసింది గిదేనా?” ఓంప్రకాశ్ కాగితాన్ని నిరంజన్ చేతిలోకే తోసేశాడు.

నిరంజన్ కిటికీలు బిగించే పని మీద కరీంనగర్ నుంచి నస్పూర్ వచ్చాడు. పాత చెక్క కిటికీలు ఊడదీసి, కొత్త ఫ్రేములు నిలబెట్టి, రెండు పొరల అద్దాలు ఎక్కించాడు. అసలే ఈ నెలలో రెండిళ్లవాళ్లు శబ్దం ఆగడం లేదని షాపుకు ఫోన్ చేశారు. ఈ పార్టీ సంతకం లేకుండా వస్తే రేపటి నుంచి పనిలోకి రావద్దని సేటు పొద్దున్నే తేల్చి చెప్పాడు.

“ఏమైంది సార్? బొగ్గుబాయి బ్లాస్టింగ్ సప్పుడు ఇంట్లకొస్తుందా?”

“ఇంట్లకొచ్చుడు కాదయ్యా, బయటికి పోవుడు! మేము టీవీ పెట్టినా సరే, పక్కింటి ముసల్ది గోడకాడికి ఉరికొస్తది. పరేషాన్ చేస్తుంది.”

గనుల ఊళ్లో ఎవరైనా బయటి మోత లోపలికి రావద్దంటారు. ఈయనది ఎదురు లెక్క. అయినా ఎవరి బాధ వాళ్లది. నిరంజన్‌కు కావలసింది సంతకం.

“ఒక అగరుబత్తి ఉంటే ఇయ్యి చెల్లె” అని ఓంప్రకాశ్ భార్య వనితను అడిగాడు. ఆమె దేవుడి గూట్లోంచి తెచ్చి వెలిగించి ఇచ్చింది. దాన్ని ఫ్రేము అంచుల వెంట మెల్లగా నడిపించాడు. కింది మూలకు రాగానే పొగ వణికింది. దొంగ దొరికాడు. అక్కడ ఫ్రేముకూ గోడకూ మధ్య ఫోమ్ నిండలేదు. పట్టీ తీసి, సందు నిండా ఫోమ్ కొట్టి, ఆరాక కోసి, పైన సిలికాన్ పూసి వేలితో నున్నగా రుద్దాడు. వనిత అంతసేపూ అక్కడే నిలబడి అతని చేతుల్నే చూసింది.

“అన్నా, గీ అద్దం పగులుతదా?” అని మెల్లగా అడిగింది.

“ఫికర్ చెయ్యకు చెల్లె. సుత్తితోని కొట్టినా అంత జల్ది పగలది” అన్నాడు గొప్పగా.

ఆమె మెచ్చుకుంటుందనుకున్నాడు. ఆమె అద్దాన్ని వేలితో ఒకసారి కొట్టి చూసింది.

లోపలి శబ్దం బయటికి వస్తుందో లేదో పరీక్ష చూడటానికి ఓంప్రకాశ్ బయటికి నడిచాడు. నిరంజన్ తన ఫోన్‌ను టీవీ బల్ల మీద కిటికీ వైపు తిప్పి నిలబెట్టి, వీడియో ఆన్ చేశాడు. లోపల నిజంగానే గట్టిగా అరిచారని షాపులో చూపించాలి. అది వాళ్ల పద్ధతి.

“చెల్లె, నేను బయటికెల్లి చెయ్యి ఊపుత. పది లెక్కవెట్టేదాంక గట్టిగ ఒర్రాలె. సిగ్గుపడకు, ఏదన్న ఒర్రు.”

“ఏదన్ననా?”

“నీ ఇష్టం.”

కిటికీలు, తలుపు బిగించి మూసి బయటికి వచ్చాడు. ఓంప్రకాశ్ అప్పటికే పక్కింటి భూమవ్వను సాక్ష్యానికి గోడ దగ్గరికి పిలిచాడు. పట్టపగలు ఆ అద్దాల్లో లోపలి మనుషులు కనబడరు, బయటివాళ్ల మొహాలే కనబడతాయి. నిరంజన్ చెయ్యి ఊపి, అద్దానికి చెవి ఆనించాడు. ఒకటి, రెండు, మూడు... మనసులో సమ్మక్కకు మొక్కుకున్నాడు. పది దాకా లెక్కపెట్టినా దోమ పాడినంత చప్పుడు కూడా రాలేదు. సంతోషం పట్టలేక నవ్వాడు.

“ఏం పెద్దమ్మా, ఏమన్న ఇనవడ్డదా?” అని ఓంప్రకాశ్ అడిగాడు.

భూమవ్వ చెవి వెనక చెయ్యి పెట్టుకుని ఇంకాసేపు ఆగింది. “లేదు బిడ్డా. ఏం ఇనవడలే.” ఆమె ముఖం వాడిపోయింది. నిరంజన్ వైపు చూసి, “ఎంత మంచిగ మూసినవ్ బిడ్డా!” అనేసి లోపలికి వెళ్లిపోయింది.

గోడలకు చెవులుంటాయంటారు. ఆ చెవుల్లో ఫోమ్ కొట్టేశానని నిరంజన్ లోలోపల నవ్వుకున్నాడు. పాపం, ముసలమ్మకు ఇక కాలక్షేపం ఉండదు.

ఓంప్రకాశ్ గోడ మీదే కాగితం పెట్టి సంతకం చేశాడు. ఈ రెండు రోజుల్లో అతను నవ్వడం అదే మొదలు. నిరంజన్ లోపలికి వెళ్లి ఫోన్ తీసుకున్నాడు. వనిత గోడ వైపు తిరిగి నిలబడి ఉంది.

“మస్తు సాయం చేసినవ్ చెల్లె” అన్నాడు. ఆమె తిరగలేదు. అరిచి అరిచి గొంతు పోయిందేమో అనుకుని సామాను సర్దుకున్నాడు.

గోదావరి దాటి, సుల్తానాబాద్ దగ్గర వ్యాన్ ఆపి చాయ్ చెప్పాడు. పని నిలబడిందన్న నిమ్మళంతో సేటుకు పంపడానికి వీడియో తెరిచాడు. వనిత వీపు కనిపించింది. ఆమె రెండు అరచేతులూ అద్దానికి ఆనించి ఉన్నాయి. అద్దానికి అవతల, సరిగ్గా ఆ చేతుల దగ్గరే, చెవి ఆనించి నవ్వుతున్నది తనే. తన వెనకే, చేతులు కట్టుకుని ఓంప్రకాశ్.

నిరంజన్ సౌండ్ పెంచాడు.

“ఇనవడ్తుందని చెప్పన్నా! భూమవ్వ నా ఒర్రుడు ఇని ఉరికొస్తెనే గిన్ని దినాలు పానంతోని ఉన్న... ఇనవడ్తుందని ఒక్కసారి చెప్పన్నా!”