నొప్పి తెలియని సూది

మడుగు గట్టున నెమరు వేసుకుంటున్న గేదెకు సాక్ష్యం చెప్పమని పిలుపొచ్చింది. నొప్పి తెలియకుండా గుచ్చే సూదికి పేటెంటు తనకే రావాలని దోమ పట్టుబట్టింది. అంతకుముందే దాన్ని తను కనిపెట్టానని జలగ అడ్డం తిరిగింది.

"నిన్ను ముందు గుచ్చిందెవరు గేదెత్తా?" అని తీర్పు చెప్పాల్సిన కొంగ అడిగింది.

"నొప్పే తెలియనప్పుడు ఎవరు ముందో నాకెలా తెలుస్తుంది కొంగయ్యా?" అంది గేదె.

"అయితే ఇద్దరూ మళ్లీ గుచ్చి చూపించండి," అంది కొంగ.

రెండూ ఎగబడ్డాయి. సూది ఎవరిదని ఇంత రచ్చ చేస్తున్నారు, నెత్తురు ఎవరిదని ఒక్కరూ అడగరేమని గేదెకు ఒళ్లు మండింది.

"ఆగండి, నేనూ ఒకటి కనిపెట్టాను," అంటూ బురదలో దొర్లి, ఒళ్లంతా పట్టించుకుని లేచింది. "సూది దిగని చొక్కా. దీనికి పేటెంటు అక్కర్లేదు. నెత్తురున్న వాళ్లెవరైనా తొడుక్కోవచ్చు."