సెలూను అద్దంలో కాలువ

ఇళ్లలో కంప్యూటరన్న వస్తువే కనుమరుగైపోయిన రోజులవి. ఏ తెర ముందు ఫోను పెడితే అదే ఆఫీసు. కాలువ గేట్లు నడిపే హైమావతి ఓ పెళ్లికని తెనాలిలో బస్సు దిగేసరికి, ఎగువన వాన పడి నీరు ముంచుకొస్తోందని కబురొచ్చింది. ఇరవై గేట్లూ ఒక్కసారే కనబడాలంటే చేతిలో ఫోను చాలదు. ఎదురుగా గురునాథం సెలూను కనిపించింది. అక్కడి అద్దాలు కూడా తెరలే.

“బాబాయ్, పది నిమిషాలు అద్దం వాడుకుంటాను,” అంటూ పట్టుచీరతోనే లోపలికి దూరి ఫోను పెట్టింది.

గడ్డం గీయించుకుంటున్న వీరాంజనేయులు ముఖం మాయమై, అద్దం నిండా కాలువ పరుచుకుంది. హైమావతి ఒక్కో గేటూ దించుతుంటే ఆయన కుర్చీలో బిగుసుకుపోయాడు.

“అమ్మా, ఆ ఏడో గేటు కిందే మా వరిచేను.”

“దించుతున్నానండీ, మీరు కదలకండి.”

ఏడోది రెండుసార్లు మొరాయించి, మూడోసారి దిగింది. నీరు నెమ్మదించాక ఆమె ఫోను తీసింది. అద్దంలో మళ్లీ తన ముఖం కనబడగానే వీరాంజనేయులు తెల్లబోయాడు.

“గురునాథం, నా కుడివైపు మీసమేదయ్యా?”

“నేనూ కాలవే చూస్తున్నానండీ,” అన్నాడు గురునాథం కత్తి వెనక్కి దాచుకుంటూ.

వీరాంజనేయులు కాసేపు పెదవి తడుముకుని, నవ్వేశాడు.

“చేను మిగిలిందిగా. రెండోది కూడా తీసెయ్.”