అచ్చు అడుగున కన్నం

"ఎవరది? ముట్టుకోకండి!"

బుర్రలావిడ చేతిలో బిందెతోనే పందిరి దాకా పరిగెత్తుకొచ్చింది.

పందిరి కింద ఒక ముసలాయన వంగి, వేలాడుతున్న మట్టి అచ్చు అడుగుభాగం చూస్తున్నాడు. చంకలో గుడ్డసంచి, కాళ్లనిండా దుమ్ము.

"ముట్టుకోలేదమ్మా. గేటు తీసి ఉంటేనూ..."

"తీసి ఉంటే వచ్చేయడమేనా?"

"తప్పే" అని ఒప్పుకున్నాడు ఆయన. ఒప్పుకున్నాడే గానీ కదల్లేదు.

ఆమె అసలు పేరు ఎవరికీ పట్టదు. ఆ ఇంట్లో తయారయ్యేవి సొరబుర్రలు కాబట్టి ఆమె బుర్రలావిడ. లేత సొరపిందెను రెండు చెక్కల మట్టి అచ్చులో పెట్టి పురికొసతో కట్టేస్తే, కాయ అచ్చు నిండా పెరిగి కూజా ఆకారానికి వస్తుంది. దాన్ని ఎండబెట్టి, గింజలు దులిపి, మూత పెడితే బుర్ర తయారు.

నాన్న పోయాక ఆ పని ఆమె నెత్తిన పడింది. నలభై అచ్చులూ ఆయన చేసినవేనని అందరూ అనేవారు. ఆయనా కాదనలేదు.

ఇది ఆమె మొదటి పంట. ఆ పొడుగుమెడ సొర విత్తనం ఇంకెక్కడా దొరకదు. ఇంట్లో ఉన్న గింజలన్నీ పాదుల్లో వేసేసింది. ఈసారి కాయ ముదరకపోతే ఆ జాతి అంతటితో సరి. అందుకే కోడిపెట్టలా పందిరి చుట్టూనే తిరుగుతోంది.

ఆమె లెక్కలో నాన్న అచ్చులకు రెండు లోపాలు. ప్రతి అచ్చులోనూ బొటనవేలంత నొక్కు ఉంది. దానివల్ల బుర్ర భుజం మీద చిన్న బొడిపె లేస్తుంది. కొనేవాళ్లకు అదే ఆ ఇంటి ముద్ర. కానీ ఆ నొక్కుకు అడ్డంగా ఒక పగులు. దాన్ని ఆమె ఏమీ చేయలేకపోయింది. రెండోది, అడుగున చిన్న కన్నం. దాన్ని మాత్రం నలభై అచ్చులకూ మైనంతో మూసేసింది.

"ఈ కన్నం ఎందుకు మూశావు తల్లీ?" అన్నాడు ముసలాయన.

"కాయ అడుగున మొటిమ లేస్తోందని."

"మొటిమ లేస్తే గీకెయ్యొచ్చు. కాయ కుళ్లితే ఏం గీకుతావు? లోపలి చెమ్మ బయటికి పోవద్దూ?"

"తాతకు దగ్గులు నేర్పకండి!"

అక్కడున్న తాత ఆయనొక్కడే. అందుకే నవ్వేశాడు.

"ఇంతకీ మీకేం కావాలి?"

"ఒక్క బుర్ర చూసి పోదామని వచ్చాను. ఇంట్లో ఉందా?"

"నిరుటివన్నీ అమ్ముడైపోయాయి. ఇవి ముదిరి ఎండాలంటే నాలుగు నెలలు పడుతుంది."

"నాలుగు నెలలే!" ఆయన బొటనవేలితో గడ్డం గోక్కున్నాడు. ఆ వేలికి అడ్డంగా పాత గాయం, కుట్టు వేసినట్టు ఉబ్బి ఉంది. "అప్పటిదాకా నేనుండొద్దూ? సరేలే. కాసిని మంచినీళ్లిస్తావా?"

నీళ్లేగదా అని ఆమె లోపలికి వెళ్లింది.

తిరిగొచ్చేసరికి ముసలాయన చివరి వరసలో ఉన్నాడు. సన్నటి పుల్లతో అచ్చుల అడుగున మైనం కెలుకుతున్నాడు. మూడు అయిపోయి నాలుగోది కూడా కానిచ్చేశాడు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"ఎవరు పంపారు మిమ్మల్ని? నా పంట పాడుచేసి రమ్మన్నారా?"

"ఎవరూ పంపలేదు తల్లీ."

"నడవండి బయటికి!"

ఆయన పుల్ల కింద పెట్టాడు. నాలుగో అచ్చును ఒకసారి నిమిరాడు. గేటు దాటి వెళ్లిపోయాడు.

నీళ్లగ్లాసు ఆమె చేతిలోనే ఉండిపోయింది.

ఆ నాలుగు కన్నాలూ మళ్లీ మూద్దామంటే మైనం అయిపోయింది. రేపు తెద్దామనుకుంది. మర్నాటినుంచి ముసురు పట్టుకుంది. పదకొండు రోజులు వదల్లేదు.

ముసురు వదిలాక ఒక అచ్చు విప్పింది. లోపల కాయ లేదు, కంపుకొట్టే గుజ్జు ఉంది. పక్కదీ అంతే. ఆ పక్కదీ అంతే. ముప్పై ఆరో అచ్చు విప్పి, అక్కడే కూలబడి ఏడ్చింది.

చివరి వరసలో నాలుగు మిగిలాయి. భయంభయంగా కట్లు సడలించి చూసింది. నాలుగు కాయలూ నిక్షేపంలా ఉన్నాయి.

అవి ముదిరి, ఎండి చేతికొచ్చాయి. ఊపితే లోపల గింజలు గలగలమన్నాయి. విత్తనం దక్కింది.

ఆమె టీకొట్టతన్ని అడిగింది. బస్సు కండక్టర్నీ అడిగింది. గుడ్డసంచి, ముసలాయన అంటే ఎవరు చెప్పగలరు? అయినా ఒక బుర్ర ఆయనకని పక్కన పెట్టి, దాని పొట్టు తనే గీకడానికి మెట్ల మీద కూర్చుంది.

"అమ్మా, నాన్న ఈ అచ్చులు ఎప్పుడు చేశాడే?"

"మీ నాన్నా? మట్టి ముట్టుకుంటే తుమ్ములొచ్చేవి ఆయనకి!" అంది తల్లి. "ఎవరో దారినపోయే కుమ్మరి, నువ్వు పుట్టకముందు. మన వసారాలో నెల్లాళ్లుండి చేసిపెట్టాడు. పాదులు పూతకైనా రాకముందే వెళ్లిపోయాడు పాపం. వీటిలో కాసిన కాయ ఒక్కటీ చూడలేదు."

"మరి నాన్న ముద్రో?"

"నాన్నదేమిటే? పచ్చిమట్టి మీద ఆ కుమ్మరే వేలు నొక్కేవాడు."

ఆమె చేతిలో కత్తి ఆగింది. నలభై అచ్చులూ సరిగ్గా ఒకేచోట, ఒకేలా ఎలా పగిలాయని ఇన్నేళ్లలో ఒక్కసారీ అనుకోలేదు.

బుర్ర భుజం మీద మిగిలిన పొట్టును గోటితో మెల్లగా తీసింది.

కుట్టు వేసినట్టు అడ్డంగా ఉబ్బిన గీతతో అక్కడ ఉన్నది, గుక్కెడు నీళ్లైనా తాగకుండా గేటు దాటిన ఆ ముసలాయన బొటనవేలు.