గంగమ్మకిచ్చిన రికార్డు

“ఆ ధరేటి బాబూ! రికార్డు కొంతన్నానా, బంగారం కొంతన్నానా?” సింహాద్రి లేచి వెళ్ళిపోయేవాడిలా నటించాడు గానీ, కాలు గడప దాటితేనా!

పూర్ణా మార్కెట్లో కేసెట్ల కొట్టు శ్రీరామ్మూర్తి ఇలాంటి బేరాలు ఎన్ని చూడలేదు! “తొంభై మూడో సంవత్సరమొచ్చింది. ఊరంతా కేసెట్లు కొంటుంటే నువ్వొక్కడివే పళ్ళెమంత రికార్డు కావాలని నెలల తరబడి నా ప్రాణం తీశావు. మద్రాసు నుంచి తెప్పించాను. పాత నాటకమే, ఆ రికార్డునే మళ్ళీ కొత్తగా వేశారు. గరగరలూ, జనం గోలా అన్నీ తీసేసి కడిగిన ముత్యంలా చేశారు. ముందు విను, తర్వాత ఏడువు.”

విన్నాడు. అబ్బ, ఏం గొంతు! ఏం రాగం! సింహాద్రి చంకలో ఉన్న పాత రికార్డూ ఇదే పద్యనాటకం. అట్ట మీద అదే కృష్ణుడు. పోల్చి చూసుకోవడానికని అప్పకి, అదే వాళ్ళక్కకి, చెప్పకుండా పట్టుకొచ్చాడు. దాని మీద సూది పెడితే పద్యం కంటే గరగరే ఎక్కువ.

పోయినేడు బావ గంగరాజు సముద్రం మీద చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు. ఆవేళ బావతో తెప్ప ఎక్కాల్సిన సింహాద్రి, ఒంట్లో బాగోలేదని ముసుగుతన్ని పడుకున్నాడు. నాను కూడా ఎళ్ళుంటే బావ బతికేవోడేమో అని అప్పట్నించీ కుమిలిపోతూనే ఉన్నాడు. అప్ప పోతమ్మ పల్లెత్తు మాట అనలేదు. అదే మరీ బాధ. సాయంత్రమైతే చాలు, బావ కొన్న ప్లేయరు ముందు కూర్చుని ఆ గరగరే వింటుంది. ఆ పద్యమన్నా అప్పకి శుభ్రంగా వినిపించాలని వీడి పంతం.

“మా అప్పకోసం బాబూ” అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

శ్రీరామ్మూర్తి మెత్తబడ్డాడు. ధర దిగొచ్చింది. “ఆ పాతది మాత్రం నాకంటగట్టకు. పారెయ్” అన్నాడు.

పారెయ్యడమా? కృష్ణుడి బొమ్మ ఉందాయె! పాతబడ్డ దేవుడి పటాన్ని నీళ్ళలో కలుపుతారు గానీ చెత్తలో వేస్తారా ఎవరైనా? సింహాద్రి దారిలో సముద్రం దగ్గర ఆగాడు. మోకాటిలోతు నీళ్ళలోకి దిగి, రికార్డుని అట్టతో సహా కళ్ళకద్దుకుని కెరటం మీద వదిలాడు.

“అమ్మా గంగమ్మా! మా అప్ప దుఃఖం కూడా దీంతోపాటే పట్టుకుపో తల్లీ” అని దణ్ణం పెట్టుకున్నాడు. చాలా రోజులకి గుండె తేలికైంది, పాపం.

జాలారిపేటలో ఇంట్లోకి అడుగుపెడుతూనే, “అప్పా, కళ్ళు మూసుకో!” అని కేకేశాడు. కొత్త రికార్డు పెట్టి సూది దించాడు. పద్యం ఖంగుమని మోగింది. పోతమ్మ ముందుకి వంగి విన్నది. పద్యం అయిపోయింది. ఆమె ఊపిరి బిగబట్టి ఇంకా వింటూనే ఉంది. రెండో పద్యం ఎత్తుకునేసరికి ముఖం పాలిపోయింది.

“ఇది కాదురా. మన పాతదెట్టు.”

“ఇది మనదేనప్పా. అదే నాటకం. గరగరా లేదు, గోలా లేదు.”

“మనదేదిరా?”

“దేవుడి బొమ్మున్నాది కదాని... గంగమ్మలో కలిపేసినాను.”

పోతమ్మ గోడకి చేరగిలబడిపోయింది. తిట్టలేదు. తిట్టినా బాగుణ్ణు అనిపించింది సింహాద్రికి. ఏం తప్పు చేశాడో తెలీదు గానీ, చేశాడని మాత్రం తెలిసిపోయింది.

“ఏటైందప్పా? సెప్పవే!”

“ఆ నాటకం మన పేట పండగలో ఆడినార్రా తమ్ముడా. రికార్డోలు మైకులెట్టి అక్కడే పట్టినారు. నువ్వప్పటికి సిన్నోడివి.” పోతమ్మ చెయ్యి చాచి సూది ఎత్తేసింది. “పద్యం అవగానే జనంలోంచి ‘వన్స్ మోర్’ అని అరిసిన ఆ గొంతు మీ బావదిరా.”