కడియం చెప్పిన సాక్ష్యం

"వరసగా నూట నలభై ఉదయాలు, ఆరు నుంచి ఏడు దాకా తల్లి నిద్రలోనే ఉంది," అని జడ్జి గారు కోర్టు తెర మీద కడియం నమోదు చేసింది చూసి చదువుతుంటే కనకవల్లి కుర్చీలో ముందుకు జరిగింది. పిల్లలున్న ప్రతి తల్లికీ తండ్రికీ చేతికి పెంపకం కడియం ఉండాల్సిందే. విడిపోయే జంటల్లో బిడ్డ ఎవరి దగ్గర పెరగాలో తేల్చేది ఆ కడియమే. ఇంకో నిమిషం గడిస్తే పదేళ్ల కూతురు మేదిని, తండ్రి శ్రీకర్ వెంట వెళ్లిపోతుంది.

"నేను నిద్రపోలేదండీ!" అంది కనకవల్లి.

"కడియం అబద్ధం చెప్పదమ్మా," అన్నాడు శ్రీకర్ లాయరు.

అంతలో మేదిని రిబ్బన్లు లాగేసుకుని వచ్చి, తల్లి కాళ్ల దగ్గర వీపు తిప్పి కూర్చుంది. "అమ్మా, జడ ఊడిపోయింది. వేసెయ్."

"ఇప్పుడా, పిచ్చి మొద్దూ!" అంటూనే కనకవల్లి రోజూ పొద్దున్నే జడ వేసే అలవాటు కొద్దీ కడియం తీసి బల్ల మీద పెట్టింది. అందులో వెంట్రుక చిక్కుకుందంటే పిల్ల ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తుంది మరి. మూడు పాయలు తీసి అల్లడం మొదలుపెట్టింది.

తెర మీద కొత్త వరస మెరిసింది: తల్లి నిద్రలో ఉంది.

హాలంతా గొల్లున నవ్వింది. జడ్జి గారు తీర్పు కాగితం పక్కకు తోసేశారు. కడియానికి అందని పెంపకం ఇదీ అనుకుంటూ కనకవల్లి తలెత్తి అందరి వంకా చూసింది.

"అయితే మనల్ని మోసం చేసింది ఈ కడియమన్నమాట," అన్నారు జడ్జి గారు.

"దానికేం తెలుసు మేడమ్?" అంది మేదిని. "రోజూ ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతూ అంతా చూసి, ఇక్కడ నోరు విప్పనిది మా నాన్న."