మంచం నుంచి కుర్చీకి

నిన్న మా ఆవిడను నేనొక్కడినే మంచం మీంచి ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టాను.

కాళ్లు పడిపోయినప్పటి నుంచి ఆమెను లేపాలంటే పక్కింటివాళ్లను పిలవాల్సి వచ్చేది. పిలిచినప్పుడల్లా ఆమె సిగ్గుతో చచ్చిపోయేది. అందుకే ఈ వయసులో జిమ్‌లో చేరాను. నాలుగు నెలలుగా బరువులెత్తుతున్నాను, రోజూ మూడేసి గుడ్లు తింటున్నాను.

"ఇన్నాళ్లూ ఈ కండలు ఎక్కడ దాచారండీ?" అంటూ నా మెడ పట్టుకుని నవ్వింది. ఆమె నవ్వగా చూసి ఏడాదైంది.

ఈ ఉదయం ఆ సంగతి జిమ్ కోచ్‌కి నసుగుతూనే చెప్పాను.

"శభాష్ తాతగారూ! ఇంతకీ మామ్మగారి బరువెంత?"

"కిందటేడు ఆస్పత్రిలో తూచినప్పుడు యాభై ఎనిమిది కిలోలు."

అతను నేనెత్తే బరువులు రాసిపెట్టే కార్డు తీసి చూశాడు. ముఖంలో నవ్వు పోయింది.

"మీరింకా నలభై కిలోలు దాటలేదు తాతగారూ. మొదటి నెల ఎంత ఎత్తారో ఇప్పుడూ అంతే. మామ్మగారు సరిగ్గా తింటున్నారా?"

నేను ఇంటికి వచ్చేశాను.

"ఇవాళ కిటికీ దాకా తీసుకెళ్లాలి మరి!" అంటూ ఆమె చేతులు చాచింది.

ఎత్తుకున్నాను. రెండడుగులకోసారి ఆగి, రొప్పుతున్నట్టు నటిస్తూ నడిచాను.

"అమ్మో, ఎంత బరువున్నావే!" అన్నాను.