ఒక్క మేకు చోటు

"ఒక్క మేకు చోటు చాలమ్మా."

కార్యదర్శి తల తిప్పి చూసింది.

గుమ్మంలో ఓ పెద్దావిడ. మెట్లెక్కిన ఆయాసం ఇంకా తీరలేదు. చంకలో పాత దుప్పటి ముక్కలో చుట్టిన చిన్న పటం.

సైకిల్ షాపు మీద రెండు గదులు. చిత్రకారులే కలిసి పెట్టుకుని, వంతులేసుకుని నడుపుకున్న గ్యాలరీ. నలభై ఏళ్ళు ఎలాగో నెట్టుకొచ్చారు. ఈ నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. పోయే ముందు, మొదటి నుంచి ఇప్పటిదాకా ఉన్న సభ్యులందరి బొమ్మలతో ఒక ప్రదర్శన. ఆ తర్వాత దొరికిన కాగితాలన్నీ లైబ్రరీకి.

ప్రదర్శన రేపే. కార్యదర్శికి ఊపిరాడటం లేదు.

"సభ్యులవే పెడుతున్నామండీ."

"నేనూ సభ్యురాలినేనమ్మా, మొదట్లో. నా నంబరు ఎనిమిది."

నిచ్చెన మీదున్న శిల్పి కిందికి చూశాడు. చేతిలో సుత్తి, మాట మొదలెడితే అదో సుత్తి. అందుకే అందరికీ ఆయన సుత్తి బాబాయ్.

"మొదట్లో ఉన్నవాళ్ళు పన్నెండు మందేనమ్మా. మేమూ అందులో ఉన్నామని ఈ వారంలో వచ్చి చెప్పినవాళ్ళే పద్నాలుగు మంది" అన్నాడు.

అదీ నిజమే. ఆ పన్నెండు మందిలో సాక్ష్యం చెప్పడానికి ఎవరూ మిగల్లేదు. తొలినాటి పుస్తకాలు ఏనాడో వానకి తడిసి ముద్దయ్యాయి.

"మీ బొమ్మల ప్రదర్శన ఏ ఏడు జరిగిందండీ?" కార్యదర్శి అడిగింది.

"జరగలేదమ్మా."

"ఎన్నాళ్ళున్నారు మరి?"

"మూడేళ్ళు. తర్వాత ఊరు మారాల్సొచ్చింది."

"ఇక్కడ బొమ్మలు పెట్టుకోడానికి సభ్యులందరికీ ఏడాదికో వంతు ఖాయం. అంటే మీకు మూడొచ్చి ఉండాలి. ఒక్కటీ పెట్టలేదా?"

పెద్దావిడ కిటికీ వైపు చూసింది.

"కుదరలేదు."

బాబాయ్‌కి ఎందుకో జాలేసింది. నిచ్చెన దిగి, కిటికీ పక్కన ఓ మేకు కొట్టేశాడు.

"చిన్న పటమే కదే అమ్మాయ్. ఇక్కడ సరిపోతుంది."

"బాబాయ్, ఇది చరిత్ర. మొహమాటానికి చరిత్రలో మేకులు కొట్టకూడదు."

యాభై ఏడేళ్ళ అమ్మాయి ఆ గొంతుతో మాట్లాడితే బాబాయ్ ఇక నోరెత్తడు.

పెద్దావిడ వాదించలేదు. "ఒకసారి చూసి పోతానమ్మా" అంది.

నెమ్మదిగా గోడల వెంట నడిచింది. కుర్చీకి తగిలించిన తడి గొడుగు బొమ్మ దగ్గర ఆగిపోయింది.

"ఇది ముందు ఆ కిటికీ పక్కన ఉండేది."

కార్యదర్శి మొహం విప్పారింది. "అవునండీ. చూశారా అప్పట్లో? నాదే. నా మొదటి బొమ్మ."

"చూశాను. గొడుగు మీంచి నీళ్ళు కారుతున్నట్టే ఉంటుంది."

పొగడ్తకి కరగని చిత్రకారులుండరు. రేపే ప్రదర్శన అన్న సంగతి మరిచిపోయి కార్యదర్శి కబుర్లలో పడింది.

"ఇరవై ఏళ్ళప్పుడు బొమ్మలు చంకలో పెట్టుకుని ఈ మెట్లే ఎక్కానండీ. సభ్యులకే అన్నారు. గదిలో ఎవరున్నారో కూడా చూళ్ళేదు, ఏడుపు ఆపుకోవడమే సరిపోయింది. సగం మెట్లు దిగానో లేదో, అప్పట్లో గ్యాలరీ చూసుకునే పెద్దాయన వెనక్కి పిలిచారు. ఎవరికో జ్వరమట, వంతు ఖాళీ అయిందట."

"మంచి సమయానికే వచ్చింది జ్వరం."

"ఆ జ్వరం పుణ్యమే నా బతుకంతా. లేకపోతే మళ్ళీ కుంచె పట్టేదాన్ని కాదు. ఎవరికని ఎన్నిసార్లడిగినా పెద్దాయన నవ్వి ఊరుకునేవారు. ఆ మనిషి కనబడితే కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకుందును."

పెద్దావిడ కూడా నవ్వింది.

"ఈపాటికి తగ్గే ఉంటుందిలేమ్మా."

చంకలో పటం సర్దుకుని, గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వెళ్ళిపోయింది. దుప్పటి ముక్క విప్పనేలేదు.

ప్రదర్శన పది రోజులు బ్రహ్మాండంగా నడిచింది. పాతవాళ్ళొచ్చారు, కళ్ళు తుడుచుకున్నారు, ఫొటోలు దిగారు. కిటికీ పక్కన మేకు మాత్రం ఖాళీగా ఉండిపోయింది. పీకుదామనుకుంటూనే బాబాయ్ పీకలేదు.

గదులు ఖాళీ చేసే రోజు ఇద్దరూ కలిసి బీరువా జరిపారు. వెనక గోడకి ఆనుకుని, దుమ్ము కొట్టుకుపోయి, ఓ సన్నని నోటుబుక్కు.

"వంతుల పుస్తకమే" అన్నాడు బాబాయ్, దులుపుతూ. "మొదటి మూడేళ్ళది."

"పోయిందనుకున్నాం కదా. చదువు, చదువు."

"పేర్లు లేవే, అన్నీ నంబర్లే. మొదటి ఏడాది, ఎనిమిదో నంబరు వంతు రెండో నంబరుకి. వాళ్ళమ్మకి బాగోలేదు, కొడుకు బొమ్మలు గోడ మీద చూసుకోవాలట."

కార్యదర్శి చేతిలో పెట్టె కింద పెట్టింది.

"ఎనిమిదో నంబరా?"

"రెండో ఏడాది, ఎనిమిదో నంబరు వంతు ఐదో నంబరుకి. ఉద్యోగానికి చూపించుకోవాలట."

బొమ్మలు గీసినవాళ్ళకి వాటిని గోడ మీద చూసుకోవాలని ఉండదా? రెండేళ్ళు వరసగా ఎలా వదులుకుంటారు? కార్యదర్శి కిటికీ పక్కన ఖాళీ మేకు వైపు చూసింది.

"బాబాయ్, ఆవిడ పేరు అడిగావా?"

"నువ్వు అడిగావేమో అనుకున్నా."

"ఏ ఊరని?"

బాబాయ్ తల అడ్డంగా ఊపాడు. పేజీ తిప్పాడు. కళ్ళజోడు తీసి, పుస్తకం ఆమె చేతిలో పెట్టాడు.

"ఇది నువ్వే చదువుకో అమ్మా."

పెన్సిల్ రాత, సగం చెరిగిపోయి ఉంది.

"మూడో ఏడాది, ఎనిమిదో నంబరు వంతు, ఇప్పుడే ఏడుస్తూ మెట్లు దిగిపోతున్న ఆ పిల్లకి, ఊరికే ఇస్తే పుచ్చుకునేలా లేదు, నాకు జ్వరమని చెప్పండి."